పెద్దమ్మ ఫెర్నులు, నా తడి మీటరు

మా పెద్దమ్మ మొక్కలకి వేలితో చూసి నీళ్ళు పోసేది. కుండీ అంచు పక్కన మట్టిలోకి చూపుడువేలు రెండో కణుపు దాకా దించి, కాసేపు అలాగే ఉంచి, "దీనికివాళ వద్దు, దీనికి గ్లాసుడు, దీనికి అరగ్లాసు చాలు" అని తనలో తను చెప్పుకుంటూ వరస చివరిదాకా వెళ్ళేది. ఆ వేలిని నేను అనుమానించాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆవిడ చేత కూడా అనుమానింపజేశాను. ఈ నాలుగు మాటలూ కాగితం మీద పెట్టడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆవిడ మా అమ్మకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. పద్దెనిమిదో ఏట నర్సు శిక్షణకి వెళ్ళి, గౌతమి అవతలి ఒడ్డున ఉన్న కుష్టు ఆసుపత్రిలో చేరి, అక్కడే రిటైరయింది. డెబ్భైల చివర్లో ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, గోనెసంచులు చుట్టిన పదకొండు ఫెర్న్ కుండీలతో మా ఇంట్లో దిగింది. మాది రాజోలు తాలూకాలో, సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టేటంత దగ్గర ఊరు. నాన్నగారు పక్క ఊరి హైస్కూల్లో మాస్టారు. ఉత్తరం వసారాకి తడికెలు కట్టించి, కిటికీ పెట్టించి, దాన్ని ఆవిడకి గది చేసి ఇచ్చారు. సగం గది మంచానికి, సగం మొక్కలకి. ఎండ పొడ తగిలితే మాడిపోయే మొక్కలవి, బయట పెట్టడానికి వీల్లేదు. రెండేళ్ళలో పదకొండు కుండీలూ ముప్ఫై దాకా అయ్యాయి.

ఊళ్ళో వాటిని "బొకే ఆకు" అనేవారు. మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి చేతిలో పూలగుత్తి ఉంటుంది. దాని చుట్టూ పచ్చగా కిందికి జారే ఆకు లేకపోతే ఆ గుత్తికి అందం రాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ గుళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఆకు మా వసారా గదిలోంచే వెళ్ళేది. పెద్దమ్మ ఆకు కోసి, గుత్తి కట్టి, అక్కడితో ఊరుకోకుండా తనే వెళ్ళి పెళ్ళికూతురి తల మీద తెల్ల ముసుగు సర్ది పిన్నులు పెట్టి వచ్చేది. "సిస్టరమ్మగారి చెయ్యి పడితేనే ముసుగు నిలబడుతుందండి" అనేవారు ఆడవాళ్ళు.

ఈ మాట వెనక ఉన్న సంగతి చెప్పకపోతే తరువాత జరిగిందానికి బరువు తెలియదు. ఆవిడ వచ్చిన కొత్తలో మా ఇంట్లో కాఫీ తాగడానికి వెనకాడినవాళ్ళున్నారు. ఆ రోగాన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు, 'పెద్దరోగం' అనేవారు. ముప్ఫై ఏళ్ళు ఆ రోగుల పుళ్ళు కడిగిన చేతులు కదా అని వాళ్ళ భయం. ఎదురింటావిడ ఓసారి పెద్దమ్మ ఇచ్చిన అరటిపండు అందుకుని, వీధి మలుపు తిరిగాక గేదెకి పెట్టడం నేను కళ్ళారా చూశాను. పెద్దమ్మకి ఆ సంగతి తెలుసు. అలాంటిది రెండేళ్ళకి ఆ ఎదురింటావిడే వచ్చి, "మా అమ్మాయికి ముసుగు మీరే పెట్టాలండి" అని అడిగింది. ఆ రోజు పెద్దమ్మ గదిలో తలుపేసుకుని చాలాసేపు ఏడ్చింది. అమ్మ కంగారుపడి తలుపు కొడితే, "ఏం లేదే, సంతోషమే" అంది లోపల్నించి.

ఇక నా సంగతి. ఎనభైల మొదట్లో నేను రోజూ అమలాపురం వెళ్ళొస్తూ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఫిజిక్స్. క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. ఆ గర్వం కొంతా, సహజంగా ఉన్న దురుసు కొంతా కలిసి, నాకు తెలియనిదంటూ ఈ లోకంలో లేదనే స్థితిలో ఉండేదాన్ని. కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఏదైనా తయారుచేసి తెమ్మన్నారు. మగపిల్లలంతా దొంగలొస్తే మోగే గంటల మీద పడ్డారు. నేను వసారా గది మీద పడ్డాను.

బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర పాడైపోయిన టేప్ రికార్డరు ఒకటి ఉండేది. పాట గట్టిగా వచ్చినప్పుడల్లా ఊగే ముల్లు దానికి ఉంటుంది చూడండి, ఆ ముల్లుని అడిగాను. "చదువుకునే పిల్లవి, పట్టికెళ్ళమ్మా" అని ఊరికే ఇచ్చేశాడు. సైకిలు షాపులో రెండు పాత చక్రం పుల్లలు తీసుకుని ఇసకతో తోమాను. ఒక ట్రాన్సిస్టరు, రెండు రెసిస్టర్లు, ఒక టార్చిలైటు బ్యాటరీ, ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె. ఆ పుల్లలు రెండూ మట్టిలో గుచ్చితే, తడి ఉన్నకొద్దీ కరెంటు ఎక్కువ పారి ముల్లు కుడివైపుకి వెళుతుంది. ఎండినకొద్దీ ఎడమవైపుకి వస్తుంది. రాజమండ్రి వెళ్ళే స్నేహితురాలి చేత వెలుతురు పడితే మారే చిన్న బిళ్ళ ఒకటి తెప్పించి దాన్నీ అతికించాను. స్విచ్చి పైకి వేస్తే మట్టిలో తడి, కిందికి వేస్తే గదిలో వెలుతురు. మొత్తం కలిపి ఒక జత చెప్పుల ఖరీదు కూడా కాలేదు. సబ్బుపెట్టెకి ఇంకా సబ్బు వాసన వస్తూనే ఉండేది.

ముల్లు కింద గీతలు గీయడానికి వారం పట్టింది. ఒక కుండీ మట్టిని బాగా ఎండబెట్టి, గ్లాసు గ్లాసూ నీళ్ళు పోస్తూ, పోసినప్పుడల్లా పుల్లలు గుచ్చి, ముల్లు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టాను. పెద్దమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుని, తనూ వేలు పెట్టి చూసి, "ఇప్పుడు పొయ్యాలి", "ఇప్పుడు చాలు" అని చెప్పింది. ఆవిడ "ఇప్పుడు పొయ్యాలి" అన్న చోట ఎర్ర ఇంకుతో గీత గీశాను. ఆ గీత నిజానికి ఆవిడ వేలిదే. పోసినవి కాలవ నీళ్ళు. మాకు నీళ్ళంటే కాలవ నీళ్ళే, వేరే నీళ్ళుంటాయని నాకు తట్టనైనా తట్టలేదు.

వానాకాలం, శీతాకాలం వేలూ ముల్లూ ఒకే మాట చెప్పాయి. పైగా వెలుతురు బిళ్ళ ఒక మేలు కూడా చేసింది. మూల ఉన్న ఆరు కుండీలు ఎందుకో పాలిపోతుండేవి. మీటరు పెట్టి చూస్తే తక్కిన గదిలో సగం వెలుతురు కూడా అక్కడ లేదు. కిటికీ వైపు జరిపితే నెల తిరక్కుండా చుట్టలు చుట్టుకున్న కొత్త చిగుళ్ళు లేచాయి. పెద్దమ్మ ఆ సంగతి పాస్టరుగారికి చెప్పింది, పాలావిడకి చెప్పింది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "మా అమ్మాయి మిషనండి, మొక్క మనసు చెబుతుంది" అని.

ఎగ్జిబిషన్‌లో నాకు మొదటి బహుమతి వచ్చింది. ఆ రోజు నేను చెప్పిన మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "మా పెద్దమ్మగారు వేలితో అంచనా వేసేవారు. వేలు మనిషి మనిషికీ మారుతుంది, వయసుతో మారుతుంది. ముల్లు మారదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని, తన వేలు తనే ఎత్తి చూసుకుని నవ్వింది. వేసవి సెలవులయ్యాక దీన్ని ఇంకా పెద్ద ఎగ్జిబిషన్‌కి పంపుదామన్నారు మా లెక్చరరుగారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అదే ఏడు మే నెలకి మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకువాళ్ళది కొత్తపేట వైపు. మంచి కుటుంబం, కాస్త పట్టింపులు ఎక్కువ. ఊరందరి పిల్లలకీ గుత్తులు కట్టి ముసుగులు పెట్టిన పెద్దమ్మకి, ఇంట్లో పిల్ల పెళ్ళి ఇదే మొదలు. ఇరవై కుండీల ఆకు కోయకుండా దాచింది. ముసుగు గుడ్డ తనే కొనుక్కొచ్చి, అంచుకి లేసు అల్లడం మొదలుపెట్టింది.

మా వైపు ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. మరమ్మతులకని పైన లాకులు వేసేస్తే మాకు చుక్క రాదు. తాగడానికి చెరువులో ముందే నింపుకున్న నీళ్ళుంటాయి, వాటిని వేరే పనికి వాడితే ఊరు ఊరుకోదు. తక్కిన అన్నిటికీ బోరింగు నీళ్ళే. సముద్రం పక్క ఊరి బోరింగు నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అంతకు ముందు వేసవుల్లోనూ పెద్దమ్మ మొక్కలకి ఆ నీళ్ళే పోసేది. కాకపోతే ధారాళంగా, కుండీ అడుగునించి కారిపోయేదాకా పోసేది. ఎందుకలా అని ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నీళ్ళలోని ఉప్పు అలా కొట్టుకుని కిందికి పోయేదని నాకు తరువాత తెలిసింది. ఆ ఏడు మాత్రం నా ముల్లు చెప్పినంతే కొలిచి పోసింది.

కాలవ కట్టేసిన పదిరోజులకి పెద్దమ్మ నన్ను పిలిచింది.

"అమ్మలూ, ఇలా రా ఓసారి. ఈ కుండీ నా వేలికి ఎండిపోయినట్టుందే."

పుల్లలు గుచ్చాను. ముల్లు ఎర్రగీత దాటి కుడివైపుకి బాగా వెళ్ళింది. "తడిగానే ఉంది పెద్దమ్మా. పొయ్యకు."

"ఆకు చివర్లు మాడుతున్నాయి కదే."

"నీళ్ళెక్కువై వేరు కుళ్ళితే అలాగే మాడతాయి. నువ్వు పోసి పోసి చంపుతున్నావు."

నాలుగు రోజులకి మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే మాట, మళ్ళీ ముల్లు కుడివైపే. మూడోసారి పిలిచినప్పుడు నేను పరీక్షలకి చదువుకుంటున్నాను. విసుగ్గా లేచి వచ్చి, పుల్లలు గుచ్చి, ముల్లు ఆవిడ కళ్ళ ముందు పెట్టి అరిచాను.

"ఇదిగో చూడు! ఎన్నిసార్లు చెప్పాలి? మట్టి తడిగా ఉంది. నీ వేలికి తడి తెలియట్లేదు, అంతే!"

ఆవిడ మట్టిలోంచి వేలు తీసి, కొంగుతో తుడుచుకుని, రెండో చేత్తో ఆ వేలిని పట్టుకుని నిలబడింది. నేను పుస్తకం దగ్గరికి వెళ్ళిపోయాను.

ఏం మాట అన్నానో అప్పుడు నాకు తెలియదు. ఆ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషికి బాగా తెలుసు. ఆ రోగం ముందు చర్మం మీద చల్లదనాన్నీ వేడినీ తినేస్తుంది. నొప్పి పోవడం, వేళ్ళు వంకర్లు పోవడం ఆ తరువాత. మొదటిసారి వచ్చిన రోగిని నర్సు అడిగే మొదటి ప్రశ్న, "చల్లగా తెలుస్తోందా?" అనే. తడిమట్టి చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం తన వేలికి తెలియడం లేదని డిగ్రీ చదువుతున్న కూతురులాంటి పిల్ల, బహుమతి వచ్చిన మిషను పెట్టి మరీ చూపించింది. ఆవిడ నమ్మింది. రోజూ తను జడ వేసే పిల్ల మాట కాబట్టి నమ్మింది.

ఇదంతా అప్పుడు నాకు తెలియదని చెప్పుకుంటే కొంత తప్పించుకోవచ్చు. కానీ తప్పించుకోలేని భాగం ఇంకొకటుంది.

ఈస్టరుకి ముందు వారం, మట్టలాదివారం పొద్దున్న, గుడికి వెళ్ళే ముందు కొబ్బరిమట్ట చీరడానికి కత్తి కోసం వసారా గదిలోకి వెళ్ళాను. పెద్దమ్మ అప్పటికే గుడికి వెళ్ళిపోయింది. కుండీలు చూసి అక్కడే ఆగిపోయాను. సగానికి పైగా గోధుమరంగు తిరిగిపోయాయి, ముట్టుకుంటే ఆకు పొడి అవుతోంది. ఒక కుండీలో మట్టి అంచునించి విడిపోయి వేలెడు సందు పడింది. అంత ఎండిన మట్టిలో పుల్లలు గుచ్చితే ముల్లు కుడివైపుకి వెళ్ళింది, తడి అంది. మట్టి మీద తెల్లగా పొక్కు కట్టి ఉంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

రెండు గ్లాసులు తెచ్చాను. ఒక దాంట్లో తాగే నీళ్ళు, ఒక దాంట్లో బోరింగు నీళ్ళు. పుల్లలు మొదటి దాంట్లో పెడితే ముల్లు మామూలుగా కదిలింది. రెండో దాంట్లో పెడితే చివరికంటా వెళ్ళి కొట్టుకుంది. ఉప్పున్న చోట కరెంటు బాగా పారుతుంది, ఇది హైస్కూలు పాఠం. నా మిషను తడిని చూడటం లేదు, ఉప్పుని చూస్తోంది. పెద్దమ్మ వేలు మొదట్నించీ నిజమే చెప్పింది.

ఆ క్షణంలో గుడికి పరిగెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. చాలా కారణాలు కూడగట్టుకున్నాను. మొక్కలు ఎలాగూ పోయాయి, చెబితే బతుకుతాయా అనుకున్నాను. అక్క పెళ్ళి హడావిడిలో ఇదొకటి ఎందుకు అనుకున్నాను. అసలు కారణం ఒక్కటే, సిగ్గు. "ముల్లు మారదు" అని అంతమంది ముందు అన్నదాన్ని. సెలవులయ్యాక పెద్ద ఎగ్జిబిషన్ ఉంది. తప్పయిందని ఒప్పుకుంటే అదంతా పోతుంది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న రకాన్ని నేను. నాలుగో కాలు కంటికి కనిపించాక కూడా నోరెత్తలేదు. ఎవరూ చూడకుండా చెరువు నీళ్ళు తెచ్చి మిగిలిన కుండీల్లో పోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. మూడో నాలుగో బతికాయి.

ఆ తరువాతనించీ పెద్దమ్మలో మార్పు వచ్చింది. రోజూ పొద్దున్న నాకు జడ వేసేది ఆవిడే. "ఇంత పిల్లవయ్యావు, నువ్వే వేసుకోవాలే" అని మానేసింది. కంచం వేరు పెట్టుకుంది, గ్లాసు వేరు పెట్టుకుంది, తన బట్టలు తనే ఉతుక్కోసాగింది. కూరలు తరగమంటే కంటికి ఆనడం లేదనేది. లేసు అల్లకం ఆగిపోయింది. ఓసారి పెరట్లో రెండు చెంబులు ముందు పెట్టుకుని, ఒక దాంట్లో వేడినీళ్ళు, ఒక దాంట్లో మామూలు నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని వేళ్ళు ముంచుతూ కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున పారబోసింది. కీళ్ళ నొప్పులకి కాపడం అనుకున్నాను. ఏప్రిల్ ఎండకి తొట్టిలో నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. వాటిలో చల్లదనం ఎవరికి మాత్రం తెలుస్తుంది?

మొక్కలు చచ్చినందుకు నా మీద అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ, అడిగితే చెబుతాను, అడగలేదుగా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని లాగి చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

పెళ్ళి రోజు వచ్చింది. ఆకు లేదు. నాన్నగారు రాజమండ్రినించి ప్లాస్టిక్ పూలగుత్తి తెప్పించారు. అక్క ముస్తాబై పీట మీద కూర్చుంది. ముసుగు మడత పెట్టి పళ్ళెంలో ఉంది. అందరూ పెద్దమ్మ కోసం చూస్తున్నారు. ఆవిడ గుమ్మం బయటే నిలబడిపోయింది.

"రా అక్కా, టైమవుతోంది" అంది అమ్మ.

"నావల్ల కాదే. చేతులు వణుకుతున్నాయి. నువ్వే పెట్టు."

"వణికితే వణికేయి. నీ చెయ్యి పడాలని కూర్చుంది పిల్ల."

"వద్దని చెబుతున్నాను కదా!" అంది పెద్దమ్మ. ఆవిడ గొంతు అంత గట్టిగా లేవడం నేనెప్పుడూ వినలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది.

అమ్మకి ఒళ్ళు మండింది. పెళ్ళింటి అలసట, ప్లాస్టిక్ పూలు, చుట్టూ కొత్తపేట చుట్టాల చూపులు. నోరు జారింది. "ఊరందరి పిల్లలకీ పెట్టేవు. నీకు జరగని ముచ్చట నా కూతురికి జరుగుతుంటే చూళ్ళేకపోతున్నావా?"

అక్క ఏడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయింది. అమ్మే ముసుగు పెట్టింది. గుడిలో రెండుసార్లు జారింది. నేను పక్కనే కుక్కిన పేనులా నిలబడ్డాను. పెద్దమ్మ ఎందుకలా చేసిందో నాకప్పటికీ తెలియదు, కానీ ఆ మొక్కలతో ముడిపడ్డదేదో ఉందని మాత్రం తెలుస్తూనే ఉంది. అమ్మ తరువాత నేనంతా చెప్పాక ఆ మాట వెనక్కి తీసుకుంది, పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. అన్న మాట అన్నదేగా.

పెళ్ళయిన నాలుగో రోజు పెద్దమ్మ గౌతమి అవతలికి వెళ్ళి పాత స్నేహితుల్ని చూసి వస్తానంది. ఒంటరిగా వద్దని నాన్నగారు నన్ను తోడు పంపారు. రెండు బస్సులు మారి, రేవు దగ్గర దిగి, ఇసకలో చాలా దూరం నడిచి, నది దాటించే పంటు ఎక్కాం. దారంతా ఆవిడ నాకు అడుగు ఎడంగానే ఉంది. ఇసకలో కాలు దిగబడి నేను చెయ్యి చాస్తే, కర్ర ఊతం చాలంది.

ఆసుపత్రిలో స్నేహితుల దగ్గరికి వెళ్ళలేదు. రోగుల వరసలో చివర నిలబడింది. ముసలి కాంపౌండరు ఒకాయన గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చాడు. "సిస్టరుగారూ! మీరిక్కడ నుంచున్నారేంటండీ, లోపలికి రండి."

"నా వరస వచ్చినప్పుడు వస్తానండి" అంది.

వరస కదులుతుంటే నేనూ వెనకే వెళ్ళాను. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. పెద్దమ్మని కళ్ళు మూసుకోమని, దూది పోగుతో ఒక్కో వేలినీ తాకింది. "ఇక్కడండి", "ఇక్కడండి" అని పెద్దమ్మ సరిగ్గా చూపించింది. తరువాత రెండు గాజు గొట్టాలు, ఒకటి వేడిది, ఒకటి చల్లటిది. మార్చి మార్చి పెట్టింది. "వేడి. చల్లన. చల్లన. వేడి. చల్లన." ఒక్కటి తప్పలేదు. మోచేతి దగ్గర నరం కూడా తడిమి చూసి డాక్టరమ్మ నవ్వింది.

"మీకేం లేదండి సిస్టరుగారూ. ఇన్నేళ్ళు చేసినవారు, మీకెందుకొచ్చిందండీ అనుమానం?"

"ఆయ్, కుండీలో మట్టి తడి నా వేలికి తెలియలేదండి. మెషిను పెట్టి చూసేం. మెషినుకి తెలిసింది, నాకు తెలియలేదు. పెళ్ళివారింటికి ఈ మాట పొక్కితే సంబంధం చెడుతుందని, పెళ్ళయ్యేదాకా ఆగేనండి."

నేను ఆవిడ వెనకే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో పంటు మీద జనం తక్కువ. పెద్దమ్మ నా పక్కనే, నాకు ఆనుకుని కూర్చుంది. రెండు నెలల తరువాత అంత దగ్గరగా కూర్చోవడం అదే. సంచిలోంచి పూతరేకు తీసి, తన చేత్తో విరిచి సగం నా చేతిలో పెట్టింది. ముఖం తేటపడి ఉంది. నేను ఆ ముక్కని చేతిలోనే పట్టుకున్నాను.

"పెద్దమ్మా, మెషినుదే తప్పు" అన్నాను.

"నేనూ అదే అనుకుంటున్నానే. బ్యాటరీ అయిపోయుంటుంది."

ఔనంటే అయిపోయేది. ఆవిడే దారి చూపించింది. ఎందుకో, ఆ ఒక్కసారికి, ఆ దారిన వెళ్ళలేకపోయాను.

"బ్యాటరీ కాదు, ఉప్పు. బోరింగు నీళ్ళ ఉప్పు మట్టిలో పేరుకుపోయింది. మెషిను దాన్నే తడి అనుకుంది. నీ వేలు మొదట్నించీ సరిగ్గానే చెప్పింది."

శ్రద్ధగా వింది. తల ఊపింది. "ఉప్పన్నమాట. అందుకేనే నేను కారిపోయేదాకా పోసేదాన్ని, అలాగైతేనే అవి బాగుండేవి" అంది. కొత్త సంగతి నేర్చుకున్నప్పటి ముఖమే తప్ప కోపమేమీ లేదు. తరువాత అడిగింది, "ఎప్పుడు తెలిసిందే నీకు?"

"మట్టలాదివారం నాడు."

"మట్టలాదివారమా?" అంది. లోలోపల వారాలు లెక్క పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఒళ్ళో పెట్టుకున్న చేతుల కేసి చూసుకుంది.

"అయితే మీ అక్కకి ముసుగు నేనే పెట్టుండొచ్చు కదే" అంది.

క్షమించమన్నాను. ఏడుస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తున్నా ఆగకుండా, మళ్ళీ మళ్ళీ అన్నాను. మా ఇళ్ళల్లో క్షమించమని అడిగితే క్షమించానని అనాలి. చిన్నప్పుడు నేనూ అక్కా పోట్లాడుకుంటే, సెలవులకి వచ్చినప్పుడల్లా, అన్నంలో చెయ్యి పెట్టేముందు ఆ మాట మా చేత అనిపించింది ఆవిడే. ఆ రోజు ఆవిడ అనలేదు. పంటు ఒడ్డుకి తగిలేదాకా నీళ్ళ కేసి చూస్తూ కూర్చుంది.